ఈత కొలనుకు కొత్త పూత

రాయి గట్టిదా, నీళ్ళు గట్టివా? ఈ ప్రశ్న వేస్తే మీలో చాలామంది నవ్వుతారు. రాయే గట్టిదని చిన్న పిల్లవాడైనా చెబుతాడు. కాని విశాఖపట్నం నుంచి అరకులోయకు వెళ్ళే దారిలో ఉన్న బొర్రా గుహలను చూసినవారు అంత తొందరగా జవాబు చెప్పరు. అక్కడ అంత పెద్ద సున్నపురాతి కొండను తొలిచి గుహలు చేసింది ఉలీ కాదు, సుత్తీ కాదు. ఉత్త నీళ్ళు! పైనుంచి చుక్క చుక్కగా దిగిన నీళ్ళు రాతిని కరిగించి మోసుకుపోయాయి. మరొకచోట ఆ నీళ్ళే మోసుకొచ్చిన సున్నాన్ని దింపి, కింద స్తంభాలు లేపాయి, పైనుంచి ఊడలు దించాయి.

బొర్రా గుహల్లో లక్షల ఏళ్ళు పట్టిన ఈ పని చిన్న ఎత్తున మరోచోట పదేళ్ళలో జరుగుతుంది. అదే ఇంటి పెరట్లోని ఈత కొలను! అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో లక్షలాది ఇళ్ళకు ఇలాంటి కొలనులు ఉన్నాయి. మన నగరాల్లోనూ కొన్ని ఇళ్ళలో, అపార్టుమెంట్లలో కనిపిస్తున్నాయి. కట్టిన కొత్తలో కొలను లోపలి గోడ పింగాణీలా నున్నగా ఉంటుంది. పదేళ్ళు అటూ ఇటూ గడిచేసరికి అది గరుకెక్కుతుంది, మచ్చలు పడుతుంది, అక్కడక్కడ పెచ్చులూడుతుంది. ఈదేవారి అరికాళ్ళు గీరుకుపోతాయి. గరుకు సందుల్లో నాచు చేరుతుంది. అప్పుడు పాత పూత తీసి కొత్త పూత వెయ్యవలసిందే.

ఇది తాపీ మేస్త్రీల పని గదా, ఇందులో విజ్ఞానం ఏముందని అనుకోకండి. మీరు తరగతిలో చదువుకునే ఆమ్లాలు, క్షారాలు, ద్రావణీయత, ఆర్కిమిడీస్ సూత్రం అన్నీ ఈ ఒక్క పనిలో వరసగా ఎదురవుతాయి. వాటిని మరిచి పనిలో దిగితే కొలను పాడవుతుంది. ఒక్కొక్కప్పుడు మనుషుల ప్రాణాలకే ముప్పు వస్తుంది.

కొలను అంటే పెద్ద గిన్నె

ఇంటి కొలను అంటే నేలలో పాతిపెట్టిన పెద్ద కాంక్రీటు గిన్నె అన్న మాట. ఇనుప చువ్వలు అల్లి కట్టిన ఆ గిన్నె గోడ సుమారు 15 సెంటీమీటర్ల మందం ఉంటుంది. బరువు మోసేది అదే. దాని లోపలివైపు 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందాన ఒక పూత వేస్తారు. నీళ్ళు తగిలేది ఈ పూతకే. గిన్నె దేహమైతే పూత చర్మం. మనం చెప్పుకునేది ఆ చర్మం మార్చే సంగతి.

వంపులు తిరిగిన కొలనుల గిన్నెను సిమెంటు మిశ్రమాన్ని గొట్టంతో చిమ్మి కడతారు. ఈ పద్ధతికి మూలపురుషుడు ఇంజనీరు కాదు! చికాగో నగరంలోని ఒక ప్రదర్శనశాలలో చనిపోయిన జంతువులకు బతికున్నట్లుండే రూపం కల్పించే కార్ల్ ఏక్లీ. ఆ భవనం గోడలు పెచ్చులూడుతుంటే వాటిని బాగుచెయ్యడానికి 1907 ప్రాంతంలో ఆయన సిమెంటును గాలి ఒత్తిడితో చిమ్మే యంత్రం తయారుచేశాడు. 1911లో దానికి పేటెంటు లభించింది. తర్వాత అదే యంత్రం సొరంగాలకూ కొలనులకూ పనికివచ్చింది.

నీళ్ళు ఇంకని కొలను కట్టాలన్న తపన మాత్రం చాలా పాతది. సింధు నాగరికత నాటి మొహెంజొదారోలో 1925-26లో జరిపిన తవ్వకాల్లో గొప్ప స్నానవాటిక ఒకటి బయటపడింది. దాని పొడవు సుమారు 12 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు, లోతు 2.4 మీటర్లు. ఇటుకలను సందు లేకుండా పేర్చి, జిప్సం కలిపిన గారతో అతికి, వెనక తారులాంటి సహజ పదార్థం పొర పరిచారు. నాలుగు వేల ఏళ్ళకు పూర్వమే నీరు కారకుండా చేసే ఉపాయం వారికి తెలుసు. మన పల్లెల్లో కూడా సిమెంటు రాకముందు గానుగ సున్నంతో తొట్లకూ డాబాలకూ గచ్చు చేసేవారు. సున్నంలో ఇటుక పొడి, కరక్కాయ నీళ్ళు, బెల్లపు నీళ్ళు కలిపేవారని మీ తాతయ్యలు చెప్పే ఉంటారు.

గట్టిపడే రహస్యం

సిమెంటులో నీళ్ళు కలిపితే గట్టిపడుతుందని అందరికీ తెలుసు. నీళ్ళు ఆరిపోయి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. బురద ఆరితే గట్టిపడుతుంది, కాని మళ్ళీ తడిపితే బురదే అవుతుంది. సిమెంటు అలా కాదు. అది నీళ్ళతో రసాయనికంగా కలుస్తుంది. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో చర్య జరిపి రెండు కొత్త పదార్థాలనిస్తాయి. ఒకటి జిగురులాగా అల్లుకుని బలాన్నిచ్చే జలయుత కాల్షియం సిలికేటు. రెండోది కాల్షియం హైడ్రాక్సైడు, అంటే మన తడి సున్నమే! గట్టిపడిన సిమెంటు ముద్దలో సుమారు అయిదో వంతు ఈ సున్నమే ఉంటుంది.

బలమంతా మొదటిదానిది. బలహీనతంతా రెండోదానిది. ఎందుకంటే సున్నం నీళ్ళలో కరుగుతుంది. ఒక లీటరు నీటిలో సుమారు ఒకటిన్నర గ్రాములకు పైగా కరుగుతుంది. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో, అంటే కార్బన్ డై ఆక్సైడుతో కలిస్తే కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. ఇది స్వచ్ఛమైన నీటిలో లీటరుకు 15 మిల్లీగ్రాముల లోపే కరుగుతుంది. అంటే సున్నం కంటే వంద రెట్లు తక్కువ. ఐతే నీళ్ళలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉంటే కార్బొనేటు కూడా బైకార్బొనేటుగా మారి కరిగిపోతుంది.

దీన్ని మీరే చేసి చూడవచ్చు. కొంచెం సున్నాన్ని మీ మేష్టారి సమక్షంలో నీళ్ళలో కలిపి, తేరిన నీటిని గాజు గ్లాసులోకి వంచండి. సన్నని గొట్టంతో అందులోకి నోటితో గాలి ఊదండి. సున్నపు నీళ్ళను పీల్చకూడదు, కళ్ళలో పడనీయకూడదు సుమా! మొదట నీళ్ళు పాలలా తెల్లబడతాయి. అదే కాల్షియం కార్బొనేటు అవక్షేపం. ఊదడం ఆపకుండా చాలాసేపు కొనసాగించండి. తెల్లదనం మెల్లగా తగ్గి నీళ్ళు మళ్ళీ తేటపడతాయి. బొర్రా గుహలు ఎలా ఏర్పడ్డాయో ఆ గ్లాసులోనే కనిపిస్తుంది.

ఆకలిగొన్న నీళ్ళు

ఇప్పుడు కొలను సంగతి చూద్దాం. కొలను నీళ్ళలో కాల్షియం తక్కువగా ఉందనుకోండి. లేదా నీళ్ళు ఆమ్ల గుణం వైపు మొగ్గాయనుకోండి. అలాంటి నీళ్ళు ఆకలిగొన్న నీళ్ళు. తమకు కావలసిన కాల్షియాన్ని ఎక్కడినుంచి తెచ్చుకుంటాయి? పక్కనే ఉన్న పూతలోంచే! మొదట సున్నం కరుగుతుంది, తర్వాత కార్బొనేటు, చివరకు పూతలోని చలవరాతి పొడి కూడా. కరిగినచోట కంటికి కనపడని గుంటలు పడతాయి. అవే పెరిగి గరుకవుతాయి. వాననీళ్ళలో కాల్షియం దాదాపు ఉండదు, పైగా వాటికి స్వల్పంగా ఆమ్ల గుణం ఉంటుంది. కాబట్టి వానలకు నిండిన కొలనులో ఈ ఆకలి ఎక్కువ.

దీనికి వ్యతిరేకం కూడా ఉంది. కాల్షియం మరీ ఎక్కువై, నీళ్ళు క్షార గుణం వైపు మొగ్గితే, కరిగినది నిలవలేక గోడల మీద తెల్లటి పెచ్చుగా దిగుతుంది. బోరు నీళ్ళు కాచే కాగులో అడుగున పేరుకునే తెల్లపొర ఇదే. చక్కెర వేడినీళ్ళలో ఎక్కువ కరుగుతుంది గదా! కాల్షియం కార్బొనేటు అలా కాదు. వేడి పెరిగినకొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే కాగులోనే ఎక్కువగా పేరుకుంటుంది.

మరి నీళ్ళు ఆకలిగా ఉన్నాయో, కడుపు నిండి ఉన్నాయో తెలుసుకోవడం ఎలా? 1936లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లాంగెలియర్ అనే ఆచార్యుడు దీనికొక లెక్క కనిపెట్టాడు. ఆయన ఆలోచించింది కొలనుల గురించి కాదు, పట్టణాలకు నీళ్ళు తెచ్చే గొట్టాల గురించి. నీటి పి.హెచ్. విలువ, కాల్షియం, క్షారత, ఉష్ణోగ్రత, కరిగి ఉన్న మొత్తం లవణాలు తెలిస్తే ఒక సూచిక వస్తుంది. అది సున్న ఐతే నీళ్ళు సమతూకంలో ఉన్నట్లు. ఋణసంఖ్య ఐతే ఆకలి నీళ్ళు. ధనసంఖ్య ఐతే పెచ్చు కట్టే నీళ్ళు. కొలనుల వారు పి.హెచ్. 7.2 నుంచి 7.8 వరకు, కాల్షియం కఠినత లీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల వరకు, క్షారత 80 నుంచి 120 మిల్లీగ్రాముల వరకు ఉండేట్లు చూసుకుంటారు. ఈ కొద్దిపాటి శ్రద్ధ ఉంటే పూత చాలా ఏళ్ళు నిలుస్తుంది.

ఖాళీ చేయడమే గండం

పూత వెయ్యాలంటే కొలను ఖాళీ చెయ్యాలి. మోటారు పెట్టి నీళ్ళు తోడేస్తే సరి అనుకుంటాం. కాని అసలు గండం ఇక్కడే ఉంది. ఖాళీ కొలను నేలలోంచి పైకి లేచి తేలిపోవచ్చు! నమ్మకం కలగడం లేదా? లెక్క చూద్దాం.

ఒక కొలను పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 1.5 మీటర్లు అనుకుందాం. నీటి ఘనపరిమాణం 8 × 4 × 1.5 = 48 ఘనపు మీటర్లు. అంటే 48,000 లీటర్లు, 48 టన్నులు. అడుగు వైశాల్యం 32 చదరపు మీటర్లు. నాలుగు గోడల వైశాల్యం 24 × 1.5 = 36 చదరపు మీటర్లు. మొత్తం 68 చదరపు మీటర్లు. గోడ మందం 0.15 మీటర్లు గనుక కాంక్రీటు సుమారు 10.2 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు కాంక్రీటు 2.4 టన్నులు తూగుతుంది. కాబట్టి ఖాళీ గిన్నె బరువు సుమారు 24.5 టన్నులు.

ఇప్పుడు వానలు బాగా కురిసి, భూగర్భజలం కొలను అడుగు కంటే ఒక మీటరు ఎత్తుకు చేరిందనుకోండి. ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం ఆ గిన్నె తొలగించిన నీటి బరువెంతో, దాన్ని పైకి నెట్టే బలం అంత. 32 × 1 = 32 ఘనపు మీటర్లు, అంటే 32 టన్నులు! గిన్నె బరువు 24.5 టన్నులే. ఓడ తేలినట్లు కొలను తేలుతుంది. నిజానికి నీళ్ళు 77 సెంటీమీటర్ల ఎత్తుకు చేరితేనే రెండు బలాలూ సమానమవుతాయి. చుట్టూ ఉన్న మట్టి రాపిడి కొంత ఆపుతుంది, లెక్క సులువుగా ఉండాలని దాన్ని వదిలేశాం. కొలను నిండుగా ఉన్నప్పుడు 48 టన్నుల నీళ్ళు లోపలినుంచి అదిమి పట్టి ఉంచుతాయి గనుక ఏ భయమూ లేదు. తోడేసినప్పుడే భయం. పైకి లేచిన గిన్నె నెర్రెలిచ్చి, గొట్టాలు తెగిపోయి, ఇక పనికిరాకుండా పోతుంది.

ఇది కూడా మీరు చేసి చూడండి. ఒక బకెట్టులో పొడి ఇసుక పోసి, మూత లేని తేలికపాటి ప్లాస్టిక్ డబ్బాను అంచు వరకు పాతండి. డబ్బాలో పడకుండా ఇసుక మీద మెల్లగా నీళ్ళు పొయ్యండి. బకెట్టును చేత్తో రెండు మూడు సార్లు తట్టండి. డబ్బా పైకి లేస్తుంది. డబ్బా నిండా నీళ్ళు పోసి మళ్ళీ చేస్తే లేవదు.

అందుకే అనుభవజ్ఞులు వానాకాలంలో కొలను ఖాళీ చెయ్యరు. చాలా కొలనుల అడుగున లోతైనచోట ఒక చిన్న కవాటం ఉంటుంది. బయటి నీటి ఒత్తిడి ఎక్కువైతే అది తెరుచుకుని, నేలలోని నీళ్ళను లోపలికి రానిస్తుంది. అది లేకపోతే నీళ్ళు తోడగానే అడుగున రంధ్రాలు తొలిచి ఒత్తిడి తగ్గిస్తారు. పని ముగిశాక వాటిని పూడుస్తారు.

పాత పూత తీయడం

ఖాళీ చేశాక మేస్త్రీ మొదట చేసే పని సుత్తితో గోడంతా తట్టి చూడడం. గట్టిగా అతికి ఉన్నచోట ఖంగుమని శబ్దం వస్తుంది. లోపల విడిపోయినచోట డొల్ల శబ్దం వస్తుంది. కుండ కొనేటప్పుడు మీ అమ్మ వేలితో తట్టి చూడడం లేదూ! అదే సూత్రం. డొల్లగా ఉన్నదంతా చెక్కేయాలి. వదిలేస్తే కొత్త పూత కూడా దానితోపాటే ఊడుతుంది. మిగిలిన నున్నటి భాగాన్ని కూడా గాట్లు పెట్టి గరుకు చెయ్యాలి. నున్నని గోడకు పూత పట్టదు. గరుకు గోడలోని సందుల్లోకి సిమెంటు పాకి, వేళ్ళలా పట్టుకుంటుంది.

మరకలు పోవడానికి కొందరు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారు. ఆమ్లం కాల్షియం కార్బొనేటును తాకగానే నురగ వస్తుంది. ఆ బుడగలు బొగ్గుపులుసు వాయువువి. అది గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువైనది గనుక, ఖాళీ కొలను అడుగున నీళ్ళలాగే నిలిచిపోగలదు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, కొలను నీటిని శుభ్రం చేసే బ్లీచింగు పౌడరు వంటి పదార్థాలు అక్కడ మిగిలి ఉంటే, ఆమ్లంతో కలిసి క్లోరిన్ వాయువు పుడుతుంది. అది గాలి కంటే రెండున్నర రెట్లు బరువు, ఊపిరితిత్తులను దహించే విషం. ఇంట్లో స్నానాలగది కడిగేటప్పుడు కూడా ఆమ్లాన్నీ బ్లీచింగు పౌడరునూ ఎన్నడూ కలపరాదు. ఇది ఒక్కటి గుర్తుంచుకున్నా ఈ వ్యాసం చదివినందుకు ఫలితం దక్కినట్లే. ఆమ్లాన్ని పలచన చెయ్యవలసి వస్తే నీళ్ళలో ఆమ్లం పొయ్యాలి గాని, ఆమ్లంలో నీళ్ళు పొయ్యకూడదన్న పాఠం కూడా మీకు తెలిసిందే. ఇవి పెద్దలు తగిన తొడుగులు వేసుకుని చేసే పనులు, పిల్లలు దగ్గరికి కూడా పోరాదు.

కొత్త పూత

పూతకు వాడేది తెల్ల సిమెంటు, చలవరాతి పొడి. ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర నుంచి రెండు పాళ్ళ పొడి కలుపుతారు. మన కొలనుకు ఎంత కావాలి? 68 చదరపు మీటర్లను 0.012 మీటర్ల మందంతో గుణిస్తే సుమారు 0.82 ఘనపు మీటర్లు. తడి మిశ్రమం ఒకటిన్నర టన్నులకు పైనే తూగుతుంది. దీన్నంతా ఒకే రోజున, ఆగకుండా వెయ్యాలి. సగం ఇవాళ, సగం రేపు వేస్తే అతుకు దగ్గర చార మిగిలిపోతుంది, అక్కడే పగులు మొదలవుతుంది. నీళ్ళు ఎక్కువ కలిపితే పని సులువవుతుంది గాని, సిమెంటుతో కలవని అదనపు నీళ్ళు ఆవిరై సన్నని రంధ్రాలు మిగులుస్తాయి. పూత బలహీనపడుతుంది. మేస్త్రీలు పలచగా ఒక పొర వేసి, దాని మీద మరో పొర వేసి, బిగుసుకుంటున్న సమయం కనిపెట్టి ఇనుప తాపీతో నొక్కి నున్నగా రుద్దుతారు. ఆలస్యమైతే తాపీ జరగదు, తొందరపడితే నునుపు రాదు. ఆ సమయం గడియారం చెప్పదు, అనుభవం చెబుతుంది.

తర్వాత జరిగేది వింత! పూత ఆరేదాకా ఆగకుండా, బిగుసుకున్న కొద్ది గంటల్లోనే కొలనులోకి నీళ్ళు వదలడం మొదలుపెడతారు. సిమెంటుకు బలం నీళ్ళతోనే వస్తుందని చెప్పుకున్నాం గదా! కొత్త ఇంటి గోడలకు రోజూ నీళ్ళు కొట్టి తడిపేది ఇందుకే. కొలనుకు ఆ పని దానిలోని నీళ్ళే చేస్తాయి. నింపడం మధ్యలో ఆపకూడదు. ఆపితే నీటి అంచున చుట్టూ గీత పడి ఎప్పటికీ పోదు.

మొదటి నెల ముఖ్యమైనది. కొత్త పూతలోని సున్నం కొంత నీళ్ళలోకి దిగి పి.హెచ్. పెంచుతుంది. తెల్లటి పొడిలా అడుగున చేరుతుంది. రోజూ కుంచెతో రుద్ది ఆ పొడిని తొలగించాలి. పి.హెచ్.ను జాగ్రత్తగా దింపుతూ ఉండాలి. సుమారు 28 రోజులకు పూత తన బలంలో ఎక్కువ భాగం పొందుతుంది.

మన ఇంటి సంపు

మన ఇంట్లో ఈత కొలను లేదు గదా, మనకెందుకీ గొడవ అంటారేమో. నీళ్ళ తొట్టి, నేలలోని సంపు లేని ఇల్లు మన ఊళ్ళలో అరుదు. వాటి గచ్చు కూడా సిమెంటే. ఆకలి నీళ్ళు వాటినీ తింటాయి. ఐతే సంపు విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. మూసి ఉంచిన సంపులో ప్రాణవాయువు తగ్గి ఉండవచ్చు, చెడ్డ వాయువులు చేరి ఉండవచ్చు. శుభ్రం చెయ్యడానికి దిగి స్పృహ తప్పినవారు, వారిని లాగబోయి తామూ పడిపోయినవారు ఎందరో ఉన్నారు. దీపం దించి చూడడం పాతకాలపు పరీక్ష. దీపం ఆరకపోయినంత మాత్రాన విషవాయువు లేదని చెప్పలేం, మండే వాయువు ఉంటే అదే ప్రమాదం తెస్తుంది. మూతలు తెరిచి, పంకాతో బాగా గాలి ఆడించాలి. పెట్రోలుతో నడిచే యంత్రాన్ని లోపల పెట్టకూడదు. ఒంటరిగా ఎవరూ దిగకూడదు. లోపల ఎవరైనా పడిపోతే వెంటనే దూకకుండా కేక వేసి, అగ్నిమాపక దళానికి కబురు చెయ్యాలి. ఈ మాట మీరు ఇంట్లో పెద్దలకు కూడా చెప్పండి.

మరొక్క లెక్క చేసి ముగిద్దాం. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళు కావాలని మన దేశంలో ప్రమాణం పెట్టుకున్నారు. మన కొలనును ఒకసారి ఖాళీ చేస్తే పోయే 48,000 లీటర్లు ఒక మనిషికి 355 రోజులు సరిపోతాయి! పూత పదేళ్ళకు బదులు అయిదేళ్ళకే పాడైతే ఆ నీళ్ళన్నీ రెండుసార్లు పోయినట్లే. నీటి పి.హెచ్. చూసుకునే చిన్న అలవాటు ఎంత నీటిని ఆదా చేస్తుందో చూశారా!

ఇక మీకొక ప్రశ్న. మీ ఇంటి సంపు ఖాళీ చేసి గచ్చు బాగుచేయించాలి. వేసవిలో చేయిస్తారా, వానాకాలంలోనా? ఎందుకు? సంపు కొలతలు తీసుకుని, నేలలో నీళ్ళు ఎంత ఎత్తుకు వస్తే అది తేలుతుందో మీరే లెక్క కట్టి మీ మేష్టారికి చూపించండి.